రొయ్యల పద్ధతిలో ఒక ఇల్లు

హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళకి ఇల్లు ఎలా ఇవ్వాలో సరిగ్గా తెలిసిన ఊరు ఈ దేశంలో ఒక్కటే ఉంది. అది మా ఊరు!

నవ్వకండి. అల్లూరు దాటి సముద్రం వైపు వస్తే ఎక్కడో ఒకచోట మేము తగులుతాం. ఊరి పేరు మాత్రం చెప్పను. చెబితే రేపటి నుంచి పక్క మునిసిపాలిటీల వాళ్ళు స్టడీ టూర్ అంటూ బస్సులు వేసుకుని దిగుతారు. వాళ్ళ మధ్యాహ్న భోజనానికి నా గుంటలోని రొయ్యలే పోవాలి.

ముందు నా అర్హతలు మనవి చేసుకుంటాను. నేను డాక్టర్ని కాదు. అంతకంటే పెద్దవాణ్ణి. రొయ్యల రైతుని! తీరిక ఉన్నప్పుడు ఇలా పత్రికకి రాస్తుంటాను. తీరిక లేనప్పుడు గట్టు మీద కూర్చుని నీళ్ళకేసి చూస్తుంటాను.

వైరస్ అనే మాట మీరంతా కరోనా వచ్చాక నేర్చుకున్నారు. మా ఊరి పిల్లకాయలు అమ్మ, అత్త తర్వాత నేర్చుకునే మాట అదే. మీరు క్యూలో నిలబడి ముక్కులో పుల్ల పెట్టించుకోవడానికి చాలా ముందే మేము రొయ్య పిల్లలకి పీసీఆర్ టెస్టులు చేయించేవాళ్ళం. మా దగ్గర జాతకం కలవకుండా పెళ్ళి జరిగినా జరుగుతుంది గానీ, రిపోర్టు లేని రొయ్య పిల్ల గుంటలో దిగదు. టీకొట్టు దగ్గర ఏ ఇద్దరు నిలబడినా మాట్లాడుకునేది తెల్లమచ్చల గురించే. అంటే రొయ్య ఒంటి మీద తెల్లమచ్చలు వేసి, చూస్తుండగానే గుంటంతా తేల్చేసే వైరస్. దానికి మందు లేదు. అందుకే దాన్ని లోపలికి రానివ్వకుండా ఉండటంలో మేము పండిపోయాం.

అలాంటి మాకు ఒక మనిషి వైరస్ ఒక లెక్కా?

సంగతి ఏమిటంటే, మా మునిసిపాలిటీ బడ్జెట్‌లో హెచ్.ఐ.వి.తో జీవించేవారికి గృహ సహాయం అని ఒక పద్దు ఉంది. పైనుంచి పెట్టమన్నారు కాబట్టి పెట్టారు. ప్రతి ఏడూ ఆ నిధి అలాగే మిగిలిపోయేది. మిగిలినదాన్ని ఏడాది చివర్లో పార్కు గేటుకి రంగు వేయడానికో, చైర్మన్ గారి గదిలో ఏసీ బాగుచేయించడానికో వాడేవాళ్ళు. ఆ రకంగా హెచ్.ఐ.వి. నిధి మా ఊరికి ఎంతో మేలు చేసింది. ఎవరూ ఆ నిధిని అడగకపోవడం మా ఊరి ఆరోగ్యానికి గుర్తు అని చైర్మన్ పెంచలకృష్ణ గారు ఒక సభలో చెప్పారు కూడా.

అడగాలంటే మునిసిపల్ ఆఫీసు వరండాలో నిలబడి, నాకు హెచ్.ఐ.వి. ఉంది అని గట్టిగా చెప్పాలి. వరండాలో ఫ్యాన్ చప్పుడు ఎక్కువ కాబట్టి గుమాస్తాకి రెండోసారి చెప్పాలి. ఆ మాత్రం ధైర్యం లేనివాళ్ళకి ఇల్లెందుకు చెప్పండి?

పేరమ్మకి ఆ ధైర్యం ఉంది. అక్కడ వచ్చింది చిక్కు.

పేరమ్మ మా ఊరి రొయ్యల షెడ్డులో పని చేస్తుంది. రొయ్య తల తీయడం, పొట్టు ఒలవడం ఆమె పని. కూతురు కామాక్షి కావలిలో ఇంటర్ చదువుతోంది. పేరమ్మకి హెచ్.ఐ.వి. ఉండటం వాస్తవం. ఏళ్ళ తరబడి రోజూ మందు వేసుకోవడం వల్ల, ఇప్పుడు రక్తపరీక్షలో వైరస్ దొరకడం కూడా లేదని, ఒకే ఇంట్లో కలిసి తిన్నా, తాగినా, పడుకున్నా ఎవరికీ ఏమీ కాదని నెల్లూరు డాక్టరమ్మ చెప్పిందట. డాక్టర్లు చెబుతారు. వాళ్ళకేం, వాళ్ళు ఎప్పుడైనా రొయ్యలు పెంచారా?

ఆమెకి అది ఎలా వచ్చిందని మీరు అడగబోతున్నారు. తెలుసు. మా ఊరు మొత్తం అడిగింది. వరండాలో గుమాస్తా అడిగాడు, లోపల పెద్ద గుమాస్తా అడిగాడు, ఆ రోజు వేరే పని మీద వచ్చి బల్ల మీద కూర్చున్నవాళ్ళు కూడా అడిగారు.

పేరమ్మ ఉండేది బస్టాండు పక్క సందులో, కరీమున్నీసా ఇంటి వెనక గదిలో. కరీమున్నీసా బట్టలు కుట్టుకుని బతికే మనిషి. ఆమెకి కుట్టుమిషను, ఆ గది బాడుగ తప్ప ఇంకో ఆధారం లేదు. పేరమ్మ సంగతి ఆమెకి మొదట్నుంచీ తెలుసు. గుంటలు ఎండబెట్టే నెలల్లో షెడ్డు మూసేస్తారు. షెడ్డు మూస్తే పేరమ్మకి కూలి ఉండదు, కూలి లేకపోతే బాడుగ ఉండదు. ఆ నెలల కోసమే ఆమె నిధిని అడగడానికి వెళ్ళింది.

“నాకు ఇల్లు గట్టియ్యబళ్ళేదు సార్. ఇప్పుడుండే గదికే, షెడ్డు మూసే నెలల్లో బాడుగ సాయం జేస్తే సాలు. బస్టాండు పక్కన గాబట్టి మందులకి నెల్లూరు పోతన్నా, పాప కాలేజీకి పోతంది. ఆ గది పోయిందంటే రెండూ పోతాయి” అంది చైర్మన్ గారితో.

గమనించారా ఆమె అత్యాశ! మునిసిపాలిటీ దగ్గర నిధి ఉంది. ఆ నిధి పేరులోనే గృహం ఉంది. అలాంటప్పుడు గృహం వద్దు, బాడుగ ఇవ్వండి అనడం ఏం మర్యాద? బాడుగ ఇస్తే శంకుస్థాపన ఎక్కడ చేయాలి? రిబ్బను దేనికి కట్టాలి? కరీమున్నీసా ఇంటి వెనక గది ముందు రిబ్బను కడితే పట్టుకుని నిలబడటానికి ఇద్దరికి చోటు లేదు, మిగిలిన కౌన్సిలర్లు డ్రైనేజీలో నిలబడాలి.

కౌన్సిల్ సమావేశం పెట్టారు. పత్రికకి రాసేవాణ్ణని నన్ను కూడా పిలిచారు. మా కౌన్సిల్‌లో గుంట లేని సభ్యుడు లేడు. కమిషనర్ ఒక్కడే బయటివాడు, ఎక్కడో మెట్ట ప్రాంతం నుంచి బదిలీ మీద వచ్చాడు. ఆయన పాపం, ఎవరైనా డాక్టర్ సలహా తీసుకుందామా అని అడిగాడు.

“డాక్టరెందుకు సార్? వైరస్ గురించి మన అన్నకి తెలిసినంత ఎవురికి తెలుసు?” అని చైర్మన్ గారు నా వైపు చెయ్యి చూపించారు.

నేను లేచి నిలబడ్డాను. జీవితంలో కొన్ని క్షణాలు మనకోసమే వస్తాయి. రొయ్యల గుంటకి వైరస్ రాకుండా ఏమేం చేస్తామో, అవన్నీ మనిషికి అన్వయించి చెప్పాను. ఒక్క ముక్క దాచుకోలేదు.

మొట్టమొదట, చోటు. మంచి గుంటలకి దూరంగా ఉండాలి. అంటే ఊరికి దూరంగా, మురుగు కాలవకి అవతల, గట్ల చివర. తర్వాత, చుట్టూ అడుగు ఎత్తున నైలాన్ కంచె. పీతలు ఒక గుంట నుంచి ఇంకో గుంటకి పాకుతూ వైరస్ మోసుకుపోతాయి కాబట్టి మేము కంచె వేస్తాం. పేరమ్మ ఇంటి నుంచి పీతలు ఎక్కడికి పోతాయని మీరు అడగొచ్చు. ఎక్కడికీ పోవు, కంచె ఉంది కదా!

ఇంటి పైన పక్షుల వల. చచ్చిన రొయ్యని కాకి ముక్కున కరుచుకుని పక్క గుంటలో పడేస్తుంది, వైరస్ అలా కూడా పాకుతుంది. ఇంటి మీద వల ఎందుకని కమిషనర్ అడిగాడు. ఆయనకి సముద్రం కొత్త.

“సార్, రేపు కాకి వొచ్చి ఆమె ఇంట్లోది ఏదైనా ఎత్తకపొయ్యి ఊళ్ళో యేసిందనుకోండి. అప్పుడు జవాబు జెప్పేది మీరా, నేనా?” అన్నారు చైర్మన్ గారు.

కాకి ఏం ఎత్తుకుపోతుందో కమిషనర్ అడగలేదు. ఆయనకి ఇంకా చాలా సర్వీసు ఉంది.

ఇక గుమ్మం ముందు క్రిములు చంపే పర్మాంగనేట్ నీళ్ళ తొట్టి. లోపలికి వెళ్ళేవాళ్ళు, బయటికి వచ్చేవాళ్ళు అందులో కాళ్ళు ముంచాలి. వారానికోసారి బ్లీచింగ్. వేరే బకెట్టు, వేరే మోటారు. అన్నీ ఏకగ్రీవంగా ఆమోదించారు. బల్లలు చరిచారు. హెచ్.ఐ.వి. కంచె దాటదని, కాకి ఎక్కి పోదని, కాళ్ళకి అంటదని అక్కడున్న చదువుకున్నవాళ్ళలో ఒక్కరు కూడా అనలేదు. అంటే నేను చెప్పింది కరెక్టనే కదా అర్థం?

రహస్యం కాపాడటంలో కూడా మా మునిసిపాలిటీ రాజీ పడలేదు. పేరమ్మ జబ్బు సంగతి బయటికి పొక్కకూడదని గట్టిగా తీర్మానించారు. అందుకోసం పారిశుధ్యం వాళ్ళు ఆటోకి మైకు కట్టుకుని బస్టాండు పక్క సందులో తిరిగారు. ఈ వీధిలో ఎవరికీ ఏ జబ్బూ లేదని, కరీమున్నీసా ఇంటి వెనక గది గురించి ప్రజలు అనవసరంగా భయపడవద్దని ఆ సందు మొత్తానికి వినిపించేలా చెప్పారు. గది ముందు బ్లీచింగ్ చల్లి, ముగ్గు కూడా వేశారు. అంతవరకు ఏమీ తెలియని సందుకి ఇప్పుడు భయపడకూడదని తెలిసింది.

కొత్త ఇంటి ముందు పెట్టే బోర్డు మీద కూడా జబ్బు పేరు రాయలేదు. గుంటల దగ్గర పెట్టే బోర్డునే పెట్టారు. “వైరస్ రక్షిత ప్రాంతం. అనుమతి లేనిదే లోపలికి రాకూడదు.” ఎంత గుంభనంగా ఉందో చూడండి!

ఇల్లు చకచకా లేచింది. మా ఊళ్ళో స్కూలుకి మరుగుదొడ్డి కట్టడానికి పట్టిన కాలంలో సగం కూడా పట్టలేదు. కాంట్రాక్టు చైర్మన్ గారి బావమరిదిదే కాబట్టి పరాయివాళ్ళ కోసం వెతకాల్సిన పని పడలేదు.

ఆ ఇంటి సుఖాలు నేను చెబితే మీరందరూ అసూయ పడతారు. పక్కింటివాళ్ళ పోరు లేదు, పక్కిల్లే లేదు. బస్టాండుకి గట్ల మీద నడిచి పోవాలి కాబట్టి షుగరు రాదు, వానాకాలంలో గట్టు జారుతుంది కాబట్టి ఒళ్ళు ఎప్పుడూ హుషారుగా ఉంటుంది. చుట్టూ గుంటల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల హోరు. ఆ హోరులో ఆడపిల్ల అరిచినా ఎవరికీ వినిపించదు గనక ప్రశాంతత గురించి చెప్పక్కర్లేదు. కరెంటు మాత్రం ఇవ్వలేకపోయారు. తీగలు గుమ్మం ముందు నుంచే పోతున్నాయి గానీ అవి రొయ్యల తీగలు. సబ్సిడీ కరెంటు మనుషులకి వాడితే నేరం.

ఇల్లయితే కట్టారు. దాన్ని పేరమ్మకి అప్పగించాలంటే గృహప్రవేశం చేయాలి, ఆమె పాలు పొంగిస్తున్న ఫోటో పైకి పంపాలి. అది రూలు. పాలు పొంగకపోతే ఇల్లు ఇల్లు కాదని పైవాళ్ళకి కూడా తెలుసు.

ముహూర్తం పెట్టాక నా కొంప మునిగింది. నా పెద్ద గుంటకి తెల్లమచ్చల వైరస్ వచ్చింది!

ఆ రోజుల్లో ఊరు నా పట్ల చూపించిన ఆప్యాయత తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండుతుంది. నీకెలా వచ్చిందని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నీ నడవడి ఎలాంటిదని అడగలేదు. చైర్మన్ గారు స్వయంగా వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు.

“మనసు కష్టపెట్టుకోబాకన్నా. వైరస్ ఎవురికైనా వొస్తాది. ఇందులో నీ తప్పేముండాది? విషయం మాత్రం బయటికి రానీబాక, రేటు పడిపోతాది” అన్నారు.

చూశారా, పెద్దమనిషి అంటే అదీ! నా గుంట ముందు మైకు కట్టలేదు. నా ఇంటి ముందు బ్లీచింగ్ చల్లలేదు. గట్టు ఖాళీ చేసి పొమ్మనలేదు. బ్యాంకు మేనేజరు వాయిదా తర్వాత కట్టమన్నాడు. పక్క గుంటలవాళ్ళు జావ కాయించి పంపారు. నా గుంటలోని నీళ్ళు కాలవలోకి వెళ్ళాయని తర్వాత కొందరు గొణిగారు గానీ, నీళ్ళు పల్లానికి వెళ్ళకుండా నేను చెయ్యి అడ్డం పెట్టగలనా?

వైరస్ వచ్చిన గుంటని అలాగే వదిలేయకూడదు. మిగిలినవైనా దక్కాలంటే వెంటనే వల వేసి పట్టేయాలి. పట్టాను. ఏజెంట్లు తీసుకున్నంత తీసుకున్నారు. మిగిలిన రొయ్యలు ఏం చేయాలా అని తల పట్టుకుంటే చైర్మన్ గారే దారి చూపించారు. పేరమ్మ గృహప్రవేశానికి కౌన్సిల్ అంతా వస్తోంది, భోజనాలు మునిసిపాలిటీ ఖర్చే!

గృహప్రవేశం రోజు కమిషనర్ నా చెవి దగ్గరికి వచ్చి, ఇవి వైరస్ వచ్చిన గుంట రొయ్యలట కదా, తినొచ్చా అని అడిగాడు. ఆ మాట చైర్మన్ గారు విని పకపకా నవ్వారు.

“అది రొయ్య వైరస్ సార్! మనిషికంటదు. సైంటిస్టులు జెప్పినారు. సైన్సుని నమ్మాల సార్ మనం.”

మా ఊళ్ళో సైన్సు అంటే అంత గౌరవం.

పేరమ్మ కొత్త చీర కట్టుకుంది. కూతురు గుమ్మానికి పసుపు రాసి బొట్లు పెట్టింది. షామియానా గట్టు మీద వేశారు. కౌన్సిలర్లందరూ తెల్ల పంచెలు ఎత్తి పట్టుకుని పర్మాంగనేట్ తొట్టిలో కాళ్ళు ముంచి, వంగపండు రంగు పాదాలతో లోపలికి వచ్చారు. తొట్టి పెట్టమన్న నేనే మొదట ముంచాను. ఆ రంగు వారం దాకా పోలేదు.

చైర్మన్ గారు మైకు పట్టుకున్నారు. హెచ్.ఐ.వి. తాకితే రాదు, కలిసి తింటే రాదు, ఒకే గ్లాసులో తాగితే రాదు, వాళ్ళు మన అక్కచెల్లెళ్ళు అన్నారు. చప్పట్లు మోగాయి. నేను కూడా కొట్టాను.

పేరమ్మ పొయ్యి వెలిగించి పాలు పెట్టింది. పాలు పొంగాయి. ఫోటో తీశారు. ఆ పాలని స్టీలు గ్లాసుల్లో పోసి, పళ్ళెంలో పెట్టుకుని ఆమె మా అందరి ముందుకి వచ్చింది. ఇంటావిడ పొంగించిన పాలు గుక్కెడైనా తాగాలి. అది ఇక్కడి ఆచారం, తాగకపోతే ఇంటికి కీడు అంటారు.

అందరూ గ్లాసులు తీసుకున్నారు. గ్లాసులు చేతిలో పట్టుకుని, పేరమ్మని మధ్యలో నిలబెట్టుకుని ఇంకో ఫోటో దిగారు. ఆ ఫోటో ఇప్పుడు కౌన్సిల్ హాల్లో ఉంది. అందులో ఒక్కొక్కరి నవ్వు చూసి తీరాలి.

ఫోటో అయిపోయింది. గ్లాసులు మాత్రం నోటి దాకా వెళ్ళలేదు.

చైర్మన్ గారికి ఆ రోజు ఉపవాసమని అప్పుడే గుర్తొచ్చింది. కమిషనర్‌కి పాలు పడవు. ఒక కౌన్సిలర్‌కి షుగరు, ఇంకొకాయనకి గ్యాసు, మరొకాయన అయ్యప్ప మాలలో ఉన్నాడు, మాల మెడలో లేదు గానీ మనసులో ఉందట. మా ఊరి పెద్దలకి ఇన్ని జబ్బులు ఉన్నాయని నాకు అంతవరకు తెలియదు. నేను పాలు మానేసి చాలా కాలమైందని చెప్పాను. పొద్దున్నే ఇంట్లో తాగిన కాఫీ మీసం మీద ఇంకా ఉందేమోనని తుడుచుకున్నాను.

గ్లాసులన్నీ ఒక్కొక్కటిగా మళ్ళీ పళ్ళెంలోకి చేరాయి. పేరమ్మ నిండు గ్లాసులున్న పళ్ళేన్ని ఒలకకుండా పట్టుకుని నిలబడి ఉంది. వెనకాల కూతురు తల దించుకుంది. ఎందుకో నా కళ్ళు మండాయి. బ్లీచింగ్ ఎక్కువగా చల్లినట్టున్నారు.

అప్పుడు వెనక నుంచి కరీమున్నీసా వచ్చింది. ఆమెని ఎవరూ పిలవలేదు, పేరమ్మ పిలిచిందట. ఆటో గట్టు ఎక్కనంటే నడిచి వచ్చిందట. ఒక గ్లాసు తీసుకుని గటగటా తాగింది.

“చక్కెర తక్కవేసినావ్ పేరమ్మా” అని ఇంకో గ్లాసు తీసుకుంది.

ఆమెకి వైరస్ గురించి ఏమీ తెలియదు. పాపం, ఒక్క రొయ్యని కూడా పెంచి ఎరగదు.

తర్వాత భోజనాలు. నా గుంట రొయ్యలతో మామిడికాయ వేసి పులుసు, అదిగాక వేపుడు. ఆ రుచి ఏం చెప్పమంటారు! పాలు పడని కమిషనర్‌కి పులుసు పడింది. ఉపవాసం ఉన్న చైర్మన్ గారు మునిసిపల్ వ్యవహారాల్లో ఉపవాసం వర్తించదన్నారు. మనసులో మాల ఉన్నాయన మనసుని కాసేపు పక్కన పెట్టాడు.

అందరూ మూడో వడ్డనలో ఉండగా చైర్మన్ గారికి మర్యాద గుర్తొచ్చి, నువ్వు కూర్చోలేదేమ్మా అని పేరమ్మని అడిగారు.

“నాకు తినబుద్ధి గాలేదు సార్. తెల్లారినప్పట్నుంచి ఈ రొయ్యలన్నీ ఒలిచింది నేనే గదా. చేతులంతా అదే వాసన” అంది పేరమ్మ.

చేతులన్నీ విస్తళ్ళలో ఆగిపోయాయి. షెడ్డు పెట్టినప్పటి నుంచి మా ఊరు తిన్న రొయ్యల్లో సగం పేరమ్మ చేతి మీదుగా వచ్చినవేనని అందరికీ ఒకేసారి తట్టినట్టుంది. కౌన్సిలర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఒక్కరూ లేవలేదు! పులుసు అంత బాగుంది. చైర్మన్ గారు గొంతు సవరించుకుని వేపుడు ఇటు పంపమన్నారు.

చెప్పనవసరం లేదు, ఆ రోజు తిన్నవాళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదు. కాదని డాక్టరమ్మ ముందే చెప్పింది. రొయ్యల విషయంలో నమ్మిన సైన్సుని పాల విషయంలో ఎందుకు నమ్మలేదని మీరు నన్ను నిలదీయకండి. నాకు తెలిసింది రొయ్యల గురించే.

పేరమ్మ, కామాక్షి ఆ ఇంట్లో ఉండి చూశారు. కామాక్షి గట్టు మీద జారి బురదలో పడింది, కాలేజీ బస్సు దాటిపోయింది. పర్మాంగనేట్ రంగు కాళ్ళు చూసి బస్సులో పిల్లలు జరిగి కూర్చున్నారట. పేరమ్మ ఒకసారి మందులకి కూడా వెళ్ళలేకపోయింది. ఆ మందు ఒక్కరోజు కూడా మానకూడదట. దాంతో ఇద్దరూ సామాను మూట కట్టుకుని మళ్ళీ కరీమున్నీసా గదికే వచ్చేశారు.

ఎంత అన్యాయం! ఒక మునిసిపాలిటీ వల కప్పి మరీ ఇల్లు ఇస్తే వద్దనుకుని వస్తారా?

కౌన్సిల్ కూడా ఊరుకోలేదు. పేరమ్మకి ఇల్లు ఇచ్చాం కాబట్టి ఆమె ఇల్లు ఉన్న మనిషి, ఇల్లు ఉన్నవాళ్ళకి బాడుగ సాయం కుదరదు అని తీర్మానం చేసింది. సాయం అడిగిన మనిషికి ఇక ఎప్పటికీ సాయం అందకుండా చేయడం అంత తేలిక కాదు. మావాళ్ళు అది ఒక్క ఇంటితో సాధించారు.

సందులోవాళ్ళు కొందరు నన్ను వెంటబెట్టుకుని కరీమున్నీసా ఇంటికి వెళ్ళారు, వైరస్ సంగతి ఆమెకి నచ్చజెప్పమని. నేను పీత కంచె దగ్గర నుంచి మొదలుపెట్టి వివరంగా చెప్పాను. ఆమె కుట్టుమిషను ఆపకుండానే విన్నది. చివర్లో దారం కొరికి తలెత్తింది.

“అన్నా, మీ గుంటకి వైరస్ వొచ్చినప్పుడు మిమ్మల్ని ఊరొదిలిపొమ్మని ఎవురన్నా అన్నారా?”

మంచి ప్రశ్న. ఆక్వా టెక్నీషియన్ని కనుక్కుని చెబుతానని వచ్చేశాను. ఇంకా కనుక్కోలేదు.

ఆ గది ఎంతకాలం ఉంటుందో తెలియదు. సందులోవాళ్ళు కరీమున్నీసా దగ్గర బట్టలు కుట్టించుకోవడం మానేశారు. షెడ్డు మూసే నెలలు దగ్గరికొస్తున్నాయి. బాడుగ తర్వాత చూసుకుందాంలే అని కరీమున్నీసా అంటోందట. కానీ గుడ్డలు రాని మిషనుతో ఆమె మాత్రం ఎన్నాళ్ళని అంటుంది? ఆ గది పోతే పేరమ్మ మందులు, కామాక్షి చదువు దానితో పాటే పోతాయి. ఆ మాట ఆమె మొదటి రోజే చైర్మన్ గారితో చెప్పింది.

అందుకే నిపుణుడిగా కౌన్సిల్‌కి నా చివరి సలహా ఇస్తున్నాను. పేరమ్మని రొయ్యగా గుర్తించండి! దయచేసి నవ్వకండి. రొయ్య అయితే ఆమెకి సబ్సిడీ కరెంటు వస్తుంది. రాత్రింబవళ్ళు కాపలా ఉంటుంది. జబ్బు చేస్తే బ్యాంకు వాయిదా ఆగుతుంది, చైర్మన్ గారు ఇంటికొచ్చి భుజం మీద చెయ్యి వేస్తారు. ఎలా వచ్చిందని ఎవరూ అడగరు, బయటికి ఎవరూ చెప్పరు. పరీక్షలో వైరస్ లేదని వస్తే కళ్ళకద్దుకుని లోపలికి తీసుకుంటారు. మనిషిగా ఉండి ఆమె ఏం బావుకుంది?

ఈ సలహా ఇంకా పరిశీలనలో ఉంది. ఈలోగా ఆ కొత్త ఇల్లు ఖాళీగా పెడితే పాడైపోతుందని చైర్మన్ గారు పెద్ద మనసు చేసుకుని తన మేత బస్తాలు అందులో వేయించారు. మొన్న అటు వెళ్ళి చూశాను. కంచె ఉంది కాబట్టి పందికొక్కులు రావడం లేదు, వల ఉంది కాబట్టి కాకులు వాలడం లేదు. బస్తాలు చెమ్మ తగలకూడదని కరెంటు తీసుకుని ఫ్యాన్లు కూడా పెట్టించారు. గోడ మీద గృహ సహాయ నిధి శిలాఫలకం తళతళలాడుతోంది.

మా మునిసిపాలిటీ హెచ్.ఐ.వి. గృహ సహాయ నిధితో కట్టిన ఇంట్లో రొయ్యల మేత హాయిగా కాపురం ఉంటోంది. పాలు పొంగించింది మాత్రం పేరమ్మ.